మున్సిపల్ ప్రజారోగ్య సేవలు, దోమల మందు నుంచి మంచాన పడ్డవారి శుభ్రత వరకు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పట్టణాల్లో నివసించేవారు మున్సిపాలిటీ ప్రజారోగ్య విభాగం గురించి ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. సేవ ఉన్నచోట దాన్ని ఎలా పొందాలో, లేనిచోట ఆ లోటు తీర్చగలిగేది ఎవరో వీలైనంత స్పష్టంగా రాశాం. మున్సిపాలిటీకి ఫోన్ చేసేవారిలో చాలామంది పొగ బండిని పంపమని అడుగుతారు. ఫలానా ఖాళీ స్థలంలో నీరు నిలిచిందని చెప్పి, వచ్చి చూడమని అడిగితే వచ్చే ఫలితం అంతకంటే చాలా ఎక్కువ. ఈ సమాధానాలన్నింటా ఆ దృష్టే కనిపిస్తుంది.

ప్రశ్న: ప్రజారోగ్య విభాగంలో ఎవరి పని ఏమిటి? ముందుగా ఎవరిని కలవాలి?

వీధిని రోజూ చూసేది పారిశుద్ధ్య కార్మికులు. వారి పని చూసేందుకు మేస్త్రీ లేదా జవాను, ఆపైన శానిటరీ ఇన్‌స్పెక్టర్, అందరికీ పైన హెల్త్ ఆఫీసర్ ఉంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న సచివాలయాల వ్యవస్థ మొదలైనప్పటి నుంచి వార్డు సచివాలయంలో పారిశుద్ధ్యం చూసే కార్యదర్శి కూడా ఉన్నారు కనుక, అక్కడ మొదటి మెట్టు ఆ కార్యాలయమే. దోమల పని చూసేవారిని చాలా పట్టణాల్లో ఇప్పటికీ మలేరియా విభాగం అనే పిలుస్తారు. హైదరాబాద్‌లో ఆ పని ఎంటమాలజీ (కీటక నివారణ) విభాగానిది, కుక్కల సంగతి వెటర్నరీ విభాగానిది. ఒక్క విషయం మాత్రం హైదరాబాద్ వాసులు తప్పక గుర్తుంచుకోవాలి. తాగునీటి పైపులు, మురుగునీటి పైపులు జలమండలి పరిధిలోనివి. వీధిలో మ్యాన్‌హోల్ పొంగితే 155313కు, చెత్త లేదా దోమల సమస్య అయితే జీహెచ్ఎంసీ కాల్ సెంటర్ 040-21111111కు ఫోన్ చేయాలి. ఒకరి పని మరొకరికి చెప్పినందువల్లనే ఎన్నో ఫిర్యాదులు రోజుల తరబడి తిరుగుతూ ఉంటాయి.

ప్రశ్న: మా వీధిలో దోమలు విపరీతంగా ఉన్నాయి. ఫాగింగ్ చేయమంటే లార్వా మందు చల్లి వెళ్లిపోతున్నారు. ఎందుకు?

ఫాగింగ్ పొగ ఆ సమయంలో గాలిలో ఎగురుతున్న దోమలను మాత్రమే చంపుతుంది. పొగ విడిపోయాక దానికి శక్తి ఉండదు. డ్రమ్ములోనో కాలువలోనో పెరుగుతున్న దోమ పిల్లలు, అంటే లార్వాలు, మర్నాడో ఎల్లుండో రెక్కలతో పైకి వస్తాయి. పైగా డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ దోమ ఎక్కువగా ఇంటి లోపల, మంచాల కింద, వేలాడే బట్టల చాటున దాగుతుంది కనుక వీధిలో వదిలిన పొగ దానిదాకా చేరదు. అందుకే ఫాగింగ్‌ను జ్వరం కేసులు బయటపడినచోట, దోమలు చురుగ్గా తిరిగే వేకువన లేదా సందెవేళ చేయడం పద్ధతి. నాయకుల పర్యటనల ముందు రోజు ఊరంతా పొగ పెట్టడం వల్ల డీజిల్ ఖర్చే తప్ప ప్రయోజనం కనిపించదని మా అభిప్రాయం.

లార్వా మందు చల్లి వెళ్లిన సిబ్బంది నిజానికి అసలు పని చేసి వెళ్లినట్టే. మురుగు కాలువల్లో ఆయిల్ బాల్స్ వేస్తారు, అంటే వాడేసిన ఇంజన్ నూనెలో నానబెట్టిన రంపపు పొట్టు మూటలన్నమాట. నూనె పొర నీటిపై పరచుకోవడంతో లార్వాకు ఊపిరి అందదు. చెరువుల్లో, వాడని బావుల్లో లార్వాను తినే గంబూసియా చేపలు వదులుతారు.

ప్రశ్న: దోమ పిల్లలను మేమే గుర్తించవచ్చా?

గుర్తించవచ్చు, అది ఎవరైనా నేర్చుకోదగిన పని. తెల్లటి గిన్నెతో నీటి పైభాగాన్ని మెల్లగా ముంచి, వెలుతురులో పెట్టి చూడాలి. సన్నగా, పురుగుల్లా మెలికలు తిరుగుతూ కనిపించేవే లార్వాలు. చెయ్యి నీడ పడగానే అడుగుకు జారి, కాసేపటికి మళ్లీ గాలి కోసం పైకి వస్తాయి. తోక కొన నీటి ఉపరితలానికి తగిలించి, తల కిందికి వాలి వేలాడుతుంటే అవి ఈడిస్ లేదా క్యూలెక్స్. నీటికి సమాంతరంగా, గడ్డిపోచలా పడుకుని ఉంటే మలేరియాను మోసే అనాఫిలిస్. ఆ అనాఫిలిస్ కడుపులోనే రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మలేరియా క్రిమిని చూశాడు. ఆయన పనిచేసిన భవనం సికింద్రాబాద్ పక్కన బేగంపేటలో ఇప్పటికీ ఉంది.

ఈడిస్ మురుగులో పెరగదు, మంచినీటిలోనే పెరుగుతుంది. కూలర్, పూలకుండీ కింది పళ్లెం, ఫ్రిజ్ వెనుక ట్రే, మేడ మీద పడేసిన టైరు, కొబ్బరి బోండాం, పాత రోలు, మూత సరిగా పడని సంపు దానికి ఇష్టమైన చోట్లు. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు పడుతుంది. శుక్రవారం డ్రై డే, అంటే నీళ్ల పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే రోజు, పాటించమనడానికి కారణం అదే. నీళ్లు పారబోసినంత మాత్రాన సరిపోదు. గుడ్లు పాత్ర గోడకు, నీటి మట్టం ఉన్న గీత వెంబడి అంటుకుని, ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉంటాయి. మళ్లీ నీరు తగలగానే పిల్లలవుతాయి. కాబట్టి పాత్రను పీచుతో గట్టిగా తోమి, ఆరబెట్టాకే నింపాలి. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం పైకొసకు సన్నని వల గుడ్డ కట్టడం కూడా మరవకూడదు. బోదకాలు వ్యాధిని మోసే క్యూలెక్స్ దోమలు ఆ గొట్టం నుంచే వేలల్లో బయటికి వస్తాయి.

ప్రశ్న: సిబ్బంది మేం వాడుకునే నీళ్ల డ్రమ్ములో మందు వేశారు. ఆ నీళ్లు వాడవచ్చా?

అది టెమిఫాస్ అనే మందు. తాగే నీటిలో సైతం లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా వేయడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుమతించింది. వాసన నచ్చకపోతే ఆ నీటిని ఇతర అవసరాలకు వాడి, డ్రమ్ము తోమి, మూత బిగించి ఉంచండి. అలా ఉంచిన ఇంటికి మందు అవసరమే రాదు.

ప్రశ్న: మా ఇంట్లో ఒకరికి డెంగీ అని తేలింది. మున్సిపాలిటీ వారికి చెప్పాలా?

తప్పక చెప్పాలి. ఆసుపత్రులు కూడా తెలియజేయాలి, కానీ మీరు చెబితే సిబ్బంది త్వరగా వస్తారు. రోగి ఇంట్లో, చుట్టుపక్కల ఇళ్లలో లార్వా కోసం వెతికి, గదుల్లో పైరెత్రం పిచికారీ చేస్తారు. ఆ మందును కిరోసిన్‌లో కలుపుతారు కనుక పొయ్యి, దీపాలు ఆర్పి, తినుబండారాలు, నీళ్లు మూసి, పసిపిల్లలను, ఉబ్బసం ఉన్నవారిని బయటికి తీసుకెళ్లాలి. జ్వరం వచ్చిన మొదటి 5 రోజుల్లో ఎన్ఎస్1 పరీక్ష, ఆ తర్వాత ఐజీఎం పరీక్ష ఎలీసా అనే ల్యాబు పద్ధతిలో చేస్తేనే నిర్ధారణగా లెక్కిస్తారు. ప్రైవేటు ల్యాబుల్లో చేసే కార్డు పరీక్షను అనుమానంగానే చూస్తారు. ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనని జ్వరం సంగతి దాచిపెడితే ఆ వీధిలోని మిగతా పిల్లలే ప్రమాదంలో పడతారు.

ప్రశ్న: ఎలుకలు, పందికొక్కులు కాలువ గట్లు తవ్వేస్తున్నాయి. మున్సిపాలిటీ మందు పెడుతుందా?

కాలువలు, మార్కెట్లు, చెత్త వేసే చోట్లు వంటి ఉమ్మడి స్థలాల్లో పెట్టించమని అడగవచ్చు. ఇంటి లోపలి ఎలుకల పని ఇంటివారిదే. ఆహారం దొరికినంత కాలం చచ్చిన ఎలుక స్థానంలో మరొకటి వస్తుంది కాబట్టి రాత్రి చెత్త బయట పెట్టకపోవడం, కన్నాలు గాజు పెంకులు కలిపిన సిమెంటుతో పూడ్చడం, బోను వాడడం మేలు. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను ఇంట్లో ఎప్పుడూ వాడకండి. తేమ తగలగానే వాటినుంచి ఫాస్ఫీన్ వాయువు వెలువడుతుంది. మూసిన గదుల్లో నిద్రిస్తున్న కుటుంబాల ప్రాణాలు తీసింది అదే. పసుపు భాస్వరం కలిసిన ఎలుకల పేస్టు కూడా కాలేయాన్ని దెబ్బతీస్తుంది, దానికి విరుగుడు లేదు. పిల్లలున్న ఇంట్లో అలాంటిది ఉంచనే వద్దు.

వానల తర్వాత ఎలుకల మూత్రం కలిసిన నీటిలో నడిచినవారికి జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడడం కనిపిస్తే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. నీటిలో నడిచిన సంగతి డాక్టరుకు చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంపు తగ్గాక విజయవాడలో అగ్నిమాపక యంత్రాలతో ఇళ్ల బురద కడిగించారు. అలాంటి విపత్తు వేళ ఇల్లు కడిగించమని అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

ప్రశ్న: ఇంట్లోని నల్లులు, బొద్దింకలు, చెదలకు మందు కొడతారా?

కొట్టరు. ప్రైవేటు పెస్ట్ కంట్రోల్ వారిని పిలిచేటప్పుడు వారికి లైసెన్సు ఉందో లేదో చూడండి. నల్లులకు మాత్రం మందు కంటే వేడే నమ్మదగినది. దుప్పట్లు వేడినీళ్లలో ఉడికించి, మంచం సందుల్లో మరిగే నీళ్లు లేదా ఆవిరి పట్టించి, పరుపును మండుటెండలో వేయాలి.

ప్రశ్న: వీధి కుక్కలను పట్టుకెళ్లి మళ్లీ ఇక్కడే వదులుతున్నారు. ఇదేం పద్ధతి?

2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు అలాగే చేయమంటున్నాయి. కుక్కకు పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, గుర్తుగా చెవి కొస కత్తిరించి, పట్టిన చోటే వదలాలి. తెలిసిన కుక్కలను తీసేస్తే ఆ ఖాళీలోకి టీకా లేని కొత్త కుక్కలు చొరబడతాయన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. అయితే బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి తీసుకెళ్లిన కుక్కలను తిరిగి అక్కడ వదలరాదని సుప్రీంకోర్టు 2025 నవంబరు 7న ఆదేశించింది. మీ వీధిలో చెవి కత్తిరించని కుక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తులతో సహా చెబితే వెటర్నరీ సిబ్బందికి పని సులువవుతుంది.

కరిస్తే మాత్రం ఫిర్యాదు తర్వాత, ముందు గాయం సంగతి చూడాలి. కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, నాటు మందు పెట్టకూడదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి వేసే టీకా 0 (మొదటి డోసు వేసిన రోజు), 3, 7, 28 రోజుల్లో తీసుకోవాలి. రక్తం వచ్చిన గాయమైతే మొదటి రోజే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే మందు) కూడా వేయమని అడగాలి. హైదరాబాద్‌లో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఇందుకు పేరొందినవి. రేబిస్ లక్షణాలు కనిపించాక బతకడం దాదాపు అసాధ్యం కాబట్టి ఒక్క డోసు కూడా తప్పించకూడదు.

ప్రశ్న: సెప్టిక్ ట్యాంకు నిండింది. తక్కువ ధరకు మనుషులు దిగి తీస్తామంటున్నారు. చేయించవచ్చా?

వద్దు, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 నాటి చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి, మురుగు మ్యాన్‌హోల్‌లోకి దించడం నేరం. మొదటిసారికే 2 ఏళ్ల వరకు జైలు, లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కానీ చట్టం కంటే ముందు ఆలోచించాల్సింది లోపలి గాలి గురించి. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, ఎక్కువైతే ముక్కుకు వాసన పసిగట్టే శక్తే పోతుంది. వాసన లేదని దిగిన మనిషి రెండు మూడు ఊపిరుల్లోనే కూలిపోతాడు, అతణ్ని లాగుదామని దిగిన రెండో మనిషీ అలాగే పడిపోతాడు. ఒకే ట్యాంకులో అన్నదమ్ములు, తండ్రీకొడుకులు కలిసి చనిపోవడానికి కారణం ఇదే. పారిశుద్ధ్య కార్మికుల ఉద్యమ సంస్థ సఫాయి కర్మచారి ఆందోళన్ తరఫున బెజవాడ విల్సన్, ఆయనకు అండగా నిలిచిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ వంటివారు ఏళ్ల తరబడి పోరాడింది ఈ చావులు, ఈ అవమానం ఆగాలని. మురుగులో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షల రూపాయలు చెల్లించాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది, ఆ మొత్తాన్ని 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచింది.

సరైన దారి వాక్యూమ్ ట్యాంకరు. సెప్టిక్ ట్యాంకుల శుభ్రతకు ఉన్న సహాయ నంబరు 14420కు ఫోన్ చేసి లేదా మున్సిపాలిటీ గుర్తించిన ట్యాంకరును పిలిచి, రెండు మూడేళ్లకోసారి తీయించాలి. ట్యాంకరు ఆ మలినాన్ని శుద్ధి కేంద్రానికి తీసుకెళ్తుందా, ఊరి చివర వాగులో వదులుతుందా అని అడగండి. అడగడం మీ హక్కు.

ప్రశ్న: కుళాయి నీళ్లు రంగు మారి, వాసన వస్తున్నాయి. ఏం చేయాలి?

ఆ నీళ్లు వెంటనే ఆపి, ఫిర్యాదు చేసి, నమూనా తీసుకోమని కోరాలి. కుళాయి చివర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. సిబ్బంది క్లోరోస్కోపు అనే క్లోరిన్ కొలిచే పరికరంలో పసుపు రంగు చూసి మీ ఎదుటే చెప్పగలరు. సొంత బావి, సంపు నీటికైతే 1000 లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ కలిపి, గంటసేపు ఆగి వాడాలి. డబ్బా మూత తీసి ఉంచిన పాత పౌడర్‌లో శక్తి ఉండదు.

ప్రశ్న: మా అమ్మగారు మంచాన పడ్డారు. స్నానం చేయించడానికి, శుభ్రం చేయడానికి మున్సిపాలిటీ ఎవరినైనా పంపుతుందా?

పంపదు. ఈ సమాధానం రాయడం మాకు బాధగానే ఉంది. ఇంగ్లండ్‌లో 2014 నాటి కేర్ చట్టం కింద స్థానిక కౌన్సిల్ ఇంటికి వచ్చి, మనిషి సొంతంగా శుభ్రంగా ఉండగలుగుతున్నారా, మరుగుదొడ్డికి వెళ్లగలుగుతున్నారా అని అంచనా వేసి, అర్హత ఉంటే సాయం ఏర్పాటు చేయాలి. మన మున్సిపల్ చట్టాల్లో అలాంటి బాధ్యత లేదు. దోమలకూ కుక్కలకూ విభాగాలున్న వ్యవస్థలో ఒంటరి వృద్ధురాలికి వారానికి రెండుసార్లు తలస్నానం చేయించే మనిషి లేకపోవడం పెద్ద లోటు, వార్డు స్థాయిలోనే తీర్చదగిన లోటు.

ఇప్పుడున్న దారులు కొన్ని చెబుతాం. మీ ప్రాంతపు ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు ఇంట్లో మంచాన పడ్డవారు ఉన్నట్టు నమోదు చేయించండి. తెలంగాణలో ప్రభుత్వ పాలియేటివ్ (నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే) కేంద్రాల నుంచి 'ఆలన' బృందాలు ఇళ్లకు వచ్చి పుండ్లు శుభ్రం చేస్తాయి, ఎలా చూసుకోవాలో కుటుంబానికి నేర్పుతాయి. సీనియర్ సిటిజన్ల జాతీయ సహాయ నంబరు 14567కు ఫోన్ చేస్తే దగ్గరలోని సేవల వివరాలు చెబుతారు.

ఇంట్లోవారే ఒళ్లు తుడిచేటప్పుడు ముందుగా చెప్పి, అనుమతి అడగాలి. మాట రాని మనిషికైనా చెప్పే మొదలుపెట్టాలి. రెండు గిన్నెల గోరువెచ్చని నీళ్లు, ఒకటి సబ్బుకు, ఒకటి కడగడానికి. ఒళ్లంతా దుప్పటి కప్పి, తుడిచే భాగం మాత్రమే బయటికి తీయాలి. కళ్లు ముక్కువైపు నుంచి బయటికి, జననాంగాలు ముందు నుంచి వెనక్కి తుడవాలి. రొమ్ముల కింద, గజ్జల్లో, వేళ్ల సందుల్లో తడి లేకుండా అద్దాలి. అప్పుడే నడుము కింది ఎముక, మడమలు, మోచేతులు చూడాలి. నొక్కినా తెల్లబడని ఎర్రదనం కనిపిస్తే పుండు మొదలవుతున్నట్టే. ప్రతి 2 గంటలకు పక్క మార్చి పడుకోబెట్టాలి. ఎర్రబడినచోట గట్టిగా రుద్దకూడదు. వాడేసిన డైపర్లు, ప్యాడ్లు కాగితంలో చుట్టి, గుర్తు పెట్టి, విడిగా ఇవ్వండి. చెత్త వేరుచేసే కార్మికుల చేతులకు అవి తగలకూడదు.

ప్రశ్న: పేవ్‌మెంట్ మీద ఒక పెద్దాయన జడలు కట్టిన జుట్టుతో, పుండ్లతో పడి ఉన్నారు. ఎవరికి చెప్పాలి?

ప్రాణాపాయం కనిపిస్తే 108కి. లేకపోతే మున్సిపాలిటీ నిరాశ్రయుల ఆశ్రయ కేంద్రానికి. 2024 సెప్టెంబరు వరకు నడిచిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనల ప్రకారం లక్ష జనాభాకు ఒక్కొక్కటి చొప్పున, కనీసం 100 మందికి సరిపడే కేంద్రం ఉండాలి. అందులో స్నానపు గదులు, మరుగుదొడ్లు, నీళ్లు ఉండాలి. ఆయన మానసిక అనారోగ్యంతో తిరుగుతున్నట్టు అనిపిస్తే 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పోలీసులపై బాధ్యత పెట్టింది. వారు ఆయన్ను రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోగా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలి. జుట్టు తీయడం, స్నానం చేయించడం ఆయన ఒప్పుకున్నాకే జరగాలి. నలుగురు పట్టుకుని నీళ్లు పోసి, ఫోటోలు తీసి పెట్టడం సేవ అనిపించుకోదు.

ప్రశ్న: హాస్టల్లో పిల్లలందరికీ గజ్జి వచ్చింది. మందు రాసినా తగ్గడం లేదు.

ఒకరికి రాసి మరొకరిని వదిలేయడం వల్ల తగ్గదు. దురద ఉన్నా లేకపోయినా అందరికీ ఒకేరోజు వైద్యం జరగాలి. డాక్టరు సలహాతో 5 శాతం పెర్మెత్రిన్ క్రీమును మెడ నుంచి అరికాళ్ల వరకు, గోళ్ల సందులతో సహా రాసి, 8 నుంచి 14 గంటలు ఉంచి కడగాలి. వారం తర్వాత మళ్లీ రాయాలి. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి, ఉతకలేనివి మూటకట్టి కనీసం 3 రోజులు పక్కన పెట్టాలి. పురుగు చచ్చాక కూడా దురద కొన్ని వారాలు ఉండవచ్చు. పట్టణ ఆరోగ్య కేంద్రం లేదా బస్తీ దవాఖానాకు వార్డెన్ ముందే చెబితే వైద్య బృందాన్ని హాస్టల్‌కే పంపమని కోరవచ్చు.

ప్రశ్న: జనన, మరణ నమోదు కూడా ఈ విభాగమేనా?

అవును. 21 రోజుల్లోపు ఉచితంగా నమోదు చేయించాలి. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టినవారికి బడిలో చేరడం మొదలు చాలా పనులకు జనన ధ్రువపత్రమే ఆధారం.

ప్రశ్న: ఫిర్యాదు చేసి వారాలు గడిచినా ఎవరూ రాలేదు. తర్వాత ఏం చేయాలి?

ఫోనులో ఇచ్చిన ఫిర్యాదు నంబరును రాసి పెట్టుకోండి. సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణి లేదా గ్రీవెన్స్‌లో ఆ నంబరుతో, తేదీ కనిపించే ఫోటోతో, కాగితంపై అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. వీధిలో పది ఇళ్ల సంతకాలుంటే మరింత మంచిది. అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మా వార్డులో గత 3 నెలల్లో ఏయే తేదీల్లో లార్వా మందు చల్లారు, ఎన్ని లీటర్లు వాడారు, ఎవరు సంతకం చేశారు అని 10 రూపాయల రుసుముతో అడగవచ్చు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే అదే కార్యాలయంలోని అప్పీలు అధికారికి మొదటి అప్పీలు రాయాలి. దరఖాస్తు నకలు, రసీదు దానికి జతచేయాలి.